మగ కప్ప కాలేయంలో సొన ప్రోటీన్: ఈస్ట్రోజెన్ జన్యువును ఎలా మేల్కొలుపుతుంది?

జెనోపస్ లేవిస్ జాతి మగ కప్పకు ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్ వర్గపు స్త్రీ హార్మోను) ఇంజెక్షన్ ఇస్తే, అంతవరకు ఎన్నడూ తయారు చేయని గుడ్డు సొన ప్రోటీన్‌ను దాని కాలేయం రోజుల వ్యవధిలో విపరీతంగా తయారు చేస్తుందని చదివి మీరు మూడు సందేహాలు అడిగారు. గుడ్లు పెట్టని మగదానిలో ఆ జన్యువు ఎందుకు పలుకుతుంది, అంటే ఎందుకు పనిచేయడం మొదలుపెడుతుంది? అదే కప్పకు కొన్ని వారాల తరువాత రెండోసారి హార్మోను ఇస్తే స్పందన మొదటిసారి కంటే త్వరగా ఎందుకు వస్తుంది? ఎంఆర్ఎన్ఏ (జన్యువు నుండి ప్రోటీన్ తయారీకి సందేశం మోసే నకలు) పెరిగిందని కొలతలో తేలినప్పుడు, అది జన్యువు నుండి ఎక్కువగా రాయబడినందువల్ల పెరిగిందా, లేక తక్కువగా నశించినందువల్ల పెరిగిందా అని ఎలా తేల్చాలి? ఈ మూడూ ఒకే దారానికి గుచ్చిన పూసలు. కాబట్టి విడివిడిగా కాక, కథ నడిచే క్రమంలోనే చెబుతాను.

ముందు ఆడ కప్ప సంగతి చూద్దాం. అండాశయంలో అండకణం చుట్టూ ఉండే పుటిక కణాలు, పీయూష గ్రంథి నుండి వచ్చే గొనడోట్రోపిన్లు అనే హార్మోన్ల ప్రేరణతో ఈస్ట్రోజెన్‌ను స్రవిస్తాయి. అది రక్తం ద్వారా కాలేయానికి చేరితే, కాలేయ కణాలు విటెల్లోజెనిన్ అనే పెద్ద ప్రోటీన్‌ను తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. ఈ ప్రోటీన్ గొలుసు ఒక్కొక్కటి దాదాపు 200 కిలోడాల్టన్ల బరువు ఉంటుంది, రెండేసి గొలుసులు జతకట్టి రక్తంలో తిరుగుతాయి. దీనికి కొవ్వులు, ఫాస్ఫేట్లు, కాల్షియం అతుక్కుని ఉంటాయి. ఎదుగుతున్న అండకణం తన ఉపరితలంపై ఉన్న ప్రత్యేక గ్రాహకాల ద్వారా దీన్ని రక్తం నుండి లోపలికి లాక్కుని, లైపోవిటెలిన్, ఫాస్విటిన్ అనే ముక్కలుగా కోసి, సొన రూపంలో దాచుకుంటుంది. పూర్తిగా ఎదిగిన అండకణంలోని ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం ఈ సొనే. అంటే గుడ్డు సొన గుడ్డులో తయారయ్యేది కాదు. కాలేయంలో తయారై, రక్తంలో ప్రయాణించి, అండాశయంలో నిలువ చేరే సరుకు అది.

మగ కప్పలో ఈ సరుకును అందుకునే అండకణాలు లేవు. అందుకే ఇంజెక్షన్ ఇచ్చిన మగదానిలో విటెల్లోజెనిన్ రక్తంలోనే పోగుపడుతుంది, దానితోపాటు రక్తంలోని కాల్షియం, ఫాస్ఫరస్ కూడా పెరుగుతాయి. ప్లాస్మాను తీసి ఈడీటీఏ, మెగ్నీషియం క్లోరైడ్ కలిపితే నిన్నటిదాకా తేటగా ఉన్న ద్రవంలో తెల్లని ముద్దలు విరిగి అడుగుకు దిగుతాయి. ఆ ముద్దను, ప్రోటీన్లను పరిమాణం ప్రకారం వేరు చేసే జెల్ మీద నడిపితే పైభాగాన, 200 కిలోడాల్టన్ల దగ్గర, లావుపాటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. హార్మోను ఇవ్వని మగ కప్ప ప్లాస్మాలో ఆ చోట ఏమీ ఉండదు. నేను విద్యార్థులకు హార్మోన్ల పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఈ రెండు జెల్ వరుసలనే పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి. జన్యు వ్యక్తీకరణ ‘సున్నా నుండి మొదలవడం’ అన్న మాట ఇంత నికరంగా కనబడే సందర్భాలు జీవశాస్త్రంలో చాలా తక్కువ.

ఇంజెక్షన్ ప్రయోగాల్లో ఒక లోపం ఉంది. హార్మోను నేరుగా కాలేయం మీదే పనిచేసిందా, లేక మరో గ్రంథిని కదిపి దాని ద్వారా కాలేయాన్ని కదిపిందా అన్నది బతికున్న కప్పలో తేల్చడం కష్టం. 1975, 1976 సంవత్సరాల్లో వెలువడిన రెండు పరిశోధనలు ఈ సందేహాన్ని తీర్చాయి. వాంగ్, నోలండ్ ఒకవైపు, గ్రీన్, జంషెడ్ టాటా మరోవైపు, శరీరం నుండి వేరు చేసి పెంచిన మగ కప్ప కాలేయ ముక్కలకే ఈస్ట్రడయోల్ కలిపి విటెల్లోజెనిన్ తయారీని రాబట్టారు. మగ కాలేయ కణంలోనే ఈస్ట్రోజెన్‌ను గుర్తుపట్టే యంత్రాంగం సిద్ధంగా ఉందని దీంతో రుజువైంది.

మీ మొదటి సందేహానికి సగం జవాబు ఇక్కడే ఉంది. కాలేయ కణం మగదైనా ఆడదైనా ఒకే విధంగా ఎదిగి, ఒకే జన్యువులను పలకడానికి సిద్ధంగా ఉంచుకుంటుంది. తేడా కణంలో లేదు, దాని చుట్టూ ప్రవహించే రక్తంలోని ఈస్ట్రోజెన్ మోతాదులో ఉంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల నుండి విడుదలైన నీటిలో పెరిగిన మగ చేపల రక్తంలో విటెల్లోజెనిన్ కనబడిందని బ్రిటన్‌లో 1990 దశకంలో తేలింది. నీటిలో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు ఉన్నాయని చెప్పడానికి నేటికీ మగ చేపల విటెల్లోజెనిన్‌నే గుర్తుగా వాడుతున్నారంటే, దాని వెనుక ఉన్న తర్కం ఇదే.

ఇక యంత్రాంగంలోకి వద్దాం. ఈస్ట్రడయోల్ కొవ్వులో కరిగే చిన్న అణువు. కణపొరను దాటడానికి దానికి ప్రత్యేకమైన ద్వారం అక్కరలేదు. లోపల దాని కోసం ఈస్ట్రోజెన్ రిసెప్టార్ అనే ప్రోటీన్ ఎదురుచూస్తూ ఉంటుంది. హార్మోను లేనంతకాలం ఈ రిసెప్టార్‌ను హెచ్ఎస్పీ90 వంటి సహాయక ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి. హార్మోను వచ్చి రిసెప్టార్ లోపలి గుంటలో కూర్చోగానే రిసెప్టార్ ఆకృతి మారుతుంది. దాని చివరి భాగంలోని ఒక హెలిక్స్ (మెలితిరిగిన ముక్క) గుంటమీద మూతలా వాలి, సహ ఉత్తేజకాలు అనే ఇతర ప్రోటీన్లు అతుక్కోవడానికి వీలైన తలాన్ని ఏర్పరుస్తుంది. టామాక్సిఫెన్ వంటి నిరోధకాలు అదే గుంటలో దూరినా, వాటి పొడవైన తోక ఆ మూతను సరిగా వాలనివ్వదు. అందుకే రిసెప్టార్ నిండినట్టే ఉంటుంది గాని పని జరగదు. ఆకృతి మారిన రిసెప్టార్లు రెండేసి జతకట్టి డీఎన్ఏ మీద తమకు తగిన చోటును పట్టుకుంటాయి.

ఆ చోటు ఏది అన్న ప్రశ్నకు జవాబు దొరికింది కూడా ఈ కప్ప జన్యువులోనే. జెనోపస్‌లో విటెల్లోజెనిన్‌కు ఒకటి కాదు, నాలుగు జన్యువులు ఉన్నాయని 1979లో వాల్టర్ వాలీ, ఆయన సహచరులు చూపారు. వాటికి ఏ1, ఏ2, బీ1, బీ2 అని పేర్లు. ఒక్కొక్కదాని నుండి వచ్చే ఎంఆర్ఎన్ఏ 6,000 న్యూక్లియోటైడ్లకు (అక్షరాలకు) పైగా పొడవుంటే, ఆ సమాచారం జన్యువులో 30కి మించిన ఇంట్రాన్ల (ఎంఆర్ఎన్ఏ నుండి కత్తిరించి తీసేసే భాగాల) మధ్య ముక్కముక్కలుగా చెదిరి ఉంటుంది. ఏ2 జన్యువు ప్రారంభ స్థానానికి దాదాపు 330 క్షార జతల (డీఎన్ఏ అక్షరాల) ముందు ఒక చిన్న వరుస ఉంది. దాన్ని కత్తిరించి మరో జన్యువు ముందు అతికించి మానవ రొమ్ము క్యాన్సర్ కణాల్లో పెడితే, ఆ పరాయి జన్యువు కూడా ఈస్ట్రోజెన్‌కు పలికిందని 1986లో క్లైన్-హిట్‌పాస్, రిఫెల్ బృందం ప్రకటించింది. ఆ వరుసనే ఈస్ట్రోజెన్ స్పందన మూలకం అంటాం. కప్పలో దొరికిన ఈ వరుసే నేడు మనిషితో సహా ఇతర సకశేరుకాల్లో ఈస్ట్రోజెన్ ఎక్కడ పనిచేస్తుందో వెతికేటప్పుడు ప్రమాణంగా నిలిచింది.

దాని నిర్మాణాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. 13 అక్షరాల ఆ వరుసలో మొదటి ఐదు జీ–జీ–టీ–సీ–ఏ, చివరి ఐదు టీ–జీ–ఏ–సీ–సీ, మధ్యలో ఏవైనా మూడు. దీన్ని విలోమ వరుస అంటారు. ‘వికటకవి’ని ఎటునుండి చదివినా ఒకటే అయినట్టు అని చాలామంది పోలుస్తారు గాని, ఇక్కడ ఒక మెలిక ఉంది. అదే పోగు మీద వెనక్కి చదివితే ఇది కలవదు. డీఎన్ఏకు రెండు పోగులు ఉంటాయి కదా, ఒక పోగు మీది టీ–జీ–ఏ–సీ–సీ కి ఎదురు పోగు మీద ఉండే అక్షరాలను ఆ పోగు దిశలో చదివితే మళ్లీ జీ–జీ–టీ–సీ–ఏ వస్తుంది. అంటే రెండు పోగుల మీద ఎదురెదురు దిశల్లో ఒకే మాట రాసి ఉంది. రెండేసి జతకట్టిన రిసెప్టార్లలో ఒక్కొక్కటి ఒక్కో మాటను పట్టుకుంటుంది. మధ్యలోని మూడు అక్షరాలు ఏవైనా ఫర్వాలేదు గాని, అవి మూడే ఉండాలి. జతలోని రెండు రిసెప్టార్ల మధ్య దూరం, డీఎన్ఏ మెలిక తిరిగే కోణం ఆ మూడుతోనే సరిపోతాయి.

ఈ మాటలో రెండు అక్షరాలు మారిస్తే ఏమవుతుందో చూడండి. పూర్తి రూపంలో సగం మాట ఏ–జీ–జీ–టీ–సీ–ఏ. దీన్ని ఏ–జీ–ఏ–ఏ–సీ–ఏ గా మార్చి, రెండో సగాన్ని కూడా దానికి తగినట్టు మారిస్తే, ఆ చోటు ఈస్ట్రోజెన్ రిసెప్టార్‌కు పనికిరాకుండా పోయి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్‌కు పనికివస్తుంది. మాట మార్చకుండా, రెండు సగాలనూ ఒకే దిశలో నాలుగు అక్షరాల ఎడంతో పేర్చితే అది థైరాయిడ్ హార్మోను రిసెప్టార్‌కు ఇష్టమైన చోటవుతుంది. హార్మోన్లు వేరువేరు రాజ్యాలని పాఠ్యపుస్తకాలు చెప్పినా, డీఎన్ఏ మీద అవి వాడే లిపి ఒకటే, తేడా అక్షరాల్లోనూ వాటి ఎడంలోనూ మాత్రమే.

అయితే ఇక్కడొక పెద్ద చిక్కు వస్తుంది, మీ మొదటి సందేహానికి మిగిలిన సగం జవాబు అందులోనే ఉంది. ఆ మూలకం మానవ రొమ్ము కణంలో కూడా పనిచేసిందంటే, అది కాలేయానికి ప్రత్యేకమైనది కాదన్నమాట. కప్ప అండవాహికలో కూడా ఈస్ట్రోజెన్ స్పందన ఉంది, అయినా అండవాహిక విటెల్లోజెనిన్‌ను తయారు చేయదు. కాబట్టి కాలేయపు గుర్తు మరెక్కడో ఉండాలి. బీ1 జన్యువు ప్రారంభ స్థానానికి దగ్గరగా హెచ్ఎన్ఎఫ్3, సీ/ఈబీపీ వంటి కాలేయ కణాల్లో సమృద్ధిగా ఉండే ప్రోటీన్లు అతుక్కునే చోట్లు ఉన్నాయి. ఈ ప్రోటీన్లు లేని కణంలో హార్మోను ఎంత ఉన్నా జన్యువు మూగగానే ఉంటుంది. ‘హార్మోను జన్యువును ఆన్ చేస్తుంది’ అనే మాట నాకు అంతగా రుచించకపోవడానికి కారణం ఇదే. మీట నొక్కితే దీపం వెలగాలంటే అంతకుముందే తీగలు లాగి, దీపం బిగించి ఉండాలి. ఆ పని పిండ దశలోనే, ఈస్ట్రోజెన్ ప్రమేయం లేకుండా, కాలేయ కణం కాలేయ కణంగా రూపొందేటప్పుడే జరిగిపోయి ఉంటుంది.

క్రోమాటిన్ పాత్ర గురించి రెండు ముక్కలు. జన్యువు ముందు భాగంలో డీఎన్ఏ ఒట్టి దారంలా ఉండదు, హిస్టోన్ ప్రోటీన్ల ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఈ ఉండలు అడ్డంకులే అని మొదట్లో అందరూ అనుకున్నారు. రిసెప్టార్ వెంట వచ్చే సహ ఉత్తేజకాలు హిస్టోన్లకు అసిటైల్ గుంపులు తగిలించి ఆ పట్టును సడలిస్తాయన్నది నిజమే. కాని బీ1 జన్యువు విషయంలో 1993లో వాలీ, వుల్ఫ్ బృందాలు చూపింది దీనికి భిన్నంగా ఉంది. ఈస్ట్రోజెన్ స్పందన మూలకానికీ ప్రారంభ స్థానానికీ మధ్య ఒక ఉండ నిర్దిష్టమైన చోట కూర్చుని, డీఎన్ఏను తన చుట్టూ తిప్పుకోవడం వల్ల దూరంగా ఉండాల్సిన ఆ రెండు చోట్లూ పక్కపక్కకు వచ్చాయి. ఆ ఉండ ఉన్నప్పుడే జన్యువు బాగా పలికింది. మిథైలేషన్ సంగతి కూడా ఇలాగే ఊహకు ఎదురు తిరిగింది. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు ఉంటే జన్యువు నిద్రలో ఉన్నట్టే అని సూత్రంలా వల్లించే రోజుల్లో, జెనోపస్ విటెల్లోజెనిన్ జన్యువులు పూర్తిగా మిథైలేట్ అయిన స్థితిలోనే పలుకుతున్నాయని 1983లో తేలింది.

ఇంతవరకు చెప్పినది జన్యువు నుండి ఎంఆర్ఎన్ఏ రాయబడడం గురించి. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అసలు ఆసక్తికరమైన అంకం దీని తరువాత మొదలవుతుంది, విచిత్రంగా చాలా పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి.

హార్మోను ఇవ్వని మగ కప్ప కాలేయ కణంలో విటెల్లోజెనిన్ ఎంఆర్ఎన్ఏ కణానికి ఒక్క అణువు కూడా లెక్కకు రాదు. హార్మోను ఇచ్చి గరిష్ఠ దశకు చేరిన కణంలో అది దాదాపు 50,000 అణువులకు చేరుతుంది, కణంలోని మొత్తం ఎంఆర్ఎన్ఏలో సగం దాకా అదే ఉంటుంది. ఈ కొలతలు డేవిడ్ షపీరో ప్రయోగశాలవి. ఇంత పోగుపడడానికి జన్యువు వేగంగా రాయబడడం ఒక్కటే కారణమా అని అదే ప్రయోగశాల వెతికి, 1983లో ఒక అరుదైన ఫలితాన్ని ప్రకటించింది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఈ ఎంఆర్ఎన్ఏ అర్ధాయువు, అంటే అందులో సగం నశించడానికి పట్టే కాలం, దాదాపు 500 గంటలు. ఈస్ట్రోజెన్‌ను తీసివేస్తే అది దాదాపు 16 గంటలకు పడిపోతుంది. మళ్లీ ఈస్ట్రోజెన్ కలిపితే, అప్పటికి నశించకుండా మిగిలి ఉన్న ఎంఆర్ఎన్ఏ తిరిగి స్థిరపడుతుంది. అంటే హార్మోను కేంద్రకంలో జన్యువును రాయించడమే కాకుండా, కణద్రవ్యంలో ఆ రాతకు కాపలా కూడా కాస్తోంది.

ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంతటిదో ఒక లెక్క వేసి చూస్తే గాని తెలియదు. కణంలో 50,000 అణువులను నిలకడగా ఉంచాలంటే, నశించినన్ని కొత్తవి ప్రతి గంటా తయారు కావాలి. అర్ధాయువు 16 గంటలైతే గంటకు సుమారు 2,170, అంటే నిమిషానికి 36 అణువులు రాయాలి. అర్ధాయువు 500 గంటలైతే గంటకు సుమారు 70 చాలు, నిమిషానికి ఒకటికి కాస్త పైన. కాపలా లేకపోతే అదే నిలువ కోసం కణం 30 రెట్లకు మించి శ్రమపడాలి. ఇప్పుడు రెండో వైపు చూడండి. హార్మోను పోయాక ఈ 50,000 అణువులూ ఒకటికి తగ్గాలంటే దాదాపు 15.6 అర్ధాయువులు గడవాలి. 16 గంటల లెక్కన అది పది రోజులకు కొంచెం ఎక్కువ. 500 గంటల లెక్కనే సాగితే దాదాపు 325 రోజులు పడుతుంది, అంటే గుడ్ల ఋతువు ముగిసిన ఎన్నో నెలల తరువాత కూడా కాలేయం సొన ప్రోటీన్‌ను కక్కుతూనే ఉండేది. నిలువ చేయడానికి దీర్ఘాయువు, ఖాళీ చేయడానికి అల్పాయువు, ఈ రెండూ ఒకే ఎంఆర్ఎన్ఏకు ఇచ్చే వెసులుబాటు హార్మోను చేతిలో ఉంది. జన్యువును రాయించే వేగం ఒక్కటే మారుస్తూ ఈ రెండు పనులూ ఇంత పొదుపుగా చేయడం సాధ్యం కాదు.

ఈ కాపలా ఎలా జరుగుతుంది? విజిలిన్ అనే ఆర్ఎన్ఏ బంధక ప్రోటీన్ విటెల్లోజెనిన్ ఎంఆర్ఎన్ఏ చివరి భాగంలోని ప్రోటీన్‌గా అనువదించబడని ప్రాంతానికి అతుక్కుంటుందని షపీరో బృందం చూపింది. అదే సమయంలో కాలేయపు మామూలు సరుకైన అల్బుమిన్ ఎంఆర్ఎన్ఏకు ఈస్ట్రోజెన్ వల్ల వ్యతిరేక గతి పడుతుంది. షోయెన్‌బర్గ్ బృందం గుర్తించిన పీఎంఆర్1 అనే ఆర్ఎన్ఏ ఛేదక ఎంజైమ్ ఈస్ట్రోజెన్ ప్రభావంతో చురుకై, పాలీసోముల మీదే (ప్రోటీన్ తయారీ జరుగుతున్న చోటే) అల్బుమిన్ ఎంఆర్ఎన్ఏను కోస్తుంది. ఒకే హార్మోను, ఒకే కణంలో, ఒక సందేశాన్ని కాపాడుతూ మరొక దాన్ని చింపేస్తోంది. కాలేయం తన స్రావ సామర్థ్యాన్ని పాత సరుకు నుండి కొత్త సరుకుకు మళ్లిస్తోందని అర్థం చేసుకుంటే ఇందులో వైరుధ్యం కనిపించదు. సూక్ష్మదర్శినిలో చూసినా ఈ మళ్లింపు తెలుస్తుంది, కణంలో గరుకు అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం విస్తరించి ఉంటాయి.

మీ రెండో సందేహం, రెండోసారి స్పందన త్వరగా రావడం. మొదటిసారి హార్మోను ఇచ్చినప్పుడు విటెల్లోజెనిన్ ఎంఆర్ఎన్ఏ గణనీయంగా పోగుపడడానికి ముందు కొన్ని గంటల మందకొడి దశ ఉంటుంది. హార్మోను ఆపి, ఎంఆర్ఎన్ఏ పూర్తిగా మాయమయ్యేదాకా వారాలపాటు ఆగి, మళ్లీ ఇస్తే ఆ మందకొడి దశ దాదాపు ఉండదు, పోగుపడే వేగం కూడా ఎక్కువ. ఎంఆర్ఎన్ఏ మిగల్లేదు, ప్రోటీన్ మిగల్లేదు, మరి కణం దేన్ని గుర్తుపెట్టుకుంది?

ఎక్కువ ఆధారాలు రిసెప్టార్ వైపే చూపిస్తాయి. మొదటిసారి హార్మోను చూడని మగ కాలేయ కణంలో ఈస్ట్రోజెన్ రిసెప్టార్లు కొన్ని వందలే ఉంటాయి. నాలుగు జన్యువుల ముందున్న చోట్లతోపాటు జన్యుసముదాయమంతటా ఉన్న ఇతర చోట్లకూ అవే పంచుకోవాలి. ఈస్ట్రోజెన్ మొదట చేసే పనుల్లో తన రిసెప్టార్ జన్యువునే ఎక్కువగా పలికించడం ఒకటి. కొత్త రిసెప్టార్లు తయారై సంఖ్య పెరిగేకొద్దీ విటెల్లోజెనిన్ జన్యువులు జోరందుకుంటాయి. మందకొడి దశలో జరిగేది చాలావరకు ఈ బలగ సమీకరణే. తాత్కాలికంగా ఇచ్చిన ఈస్ట్రడయోల్ వల్ల రిసెప్టార్ ఎంఆర్ఎన్ఏ పెరిగి, హార్మోను పోయిన తరువాత కూడా అది పెరిగిన స్థాయిలోనే నిలిచిపోతుందని బార్టన్, షపీరో 1988లో చూపారు. కాబట్టి రెండోసారి హార్మోను వచ్చేసరికి బలగం ముందే బారులు తీరి ఉంటుంది. నాలుగు విటెల్లోజెనిన్ జన్యువులు మొదటిసారి ఒకే జోరుతో లేవవన్న విషయం కూడా ఈ వివరణకు సరిపోతుంది. రిసెప్టార్లు కొరతగా ఉన్నప్పుడు వాటిని బాగా పట్టుకోగల జన్యువు ముందు పలుకుతుంది, సమృద్ధిగా ఉన్నప్పుడు ఆ తేడా చెరిగిపోతుంది.

ఈ జ్ఞాపకం వల్ల నేను ఒకసారి మూడు నెలల పని పోగొట్టుకున్నాను. పాత్రల్లో పెంచిన కాలేయ ముక్కల మొదటి స్పందన కాలక్రమాన్ని కొలుస్తున్న ప్రయోగంలో కొన్ని కప్పల ముక్కలు గంటల తరబడి ఏమీ పలకకుండా ఉంటే, మరికొన్ని మందకొడి దశ అన్నదే లేకుండా లేచాయి. హార్మోను కలపని పాత్రల్లో మాత్రం ఏ కప్ప కాలేయమూ పలకలేదు. అందువల్ల మొదట జంతువుల మధ్య సహజమైన తేడా అని సర్దిచెప్పుకున్నాను. తరువాత ఆరా తీస్తే, ఆ తొట్టిలోని కప్పల్లో కొన్నింటికి ఏడాది కిందట మరొకరు ఇంకేదో పని కోసం ఈస్ట్రోజెన్ ఇచ్చి, కోలుకున్నాక తిరిగి అదే తొట్టిలో వదిలారని తెలిసింది. వాటి రక్తంలో విటెల్లోజెనిన్ జాడ లేదు, కాలేయంలో ఎంఆర్ఎన్ఏ లేదు, ఏ పరీక్షలో చూసినా అవి ‘కొత్త’ కప్పల్లాగే కనబడ్డాయి. చరిత్ర తెలియని జంతువును మొదటి స్పందన ప్రయోగాలకు వాడకూడదని అప్పటినుండి నియమం పెట్టుకున్నాను, మీకూ అదే చెబుతాను.

థైరాయిడ్ హార్మోను గురించి మీరు అడగలేదు గాని, ఉభయచరాల కాలేయం అన్నాక దాన్ని వదిలేయడం కుదరదు. తోకకప్ప కప్పగా మారే రూపవిక్రియ మొత్తం ఈ హార్మోను చేతుల మీదుగానే నడుస్తుంది. అప్పుడు కాలేయం ఊడిపోదు, కొత్తగా మొలవదు, ఉన్న అవయవమే తన జన్యు కార్యక్రమాన్ని మార్చుకుంటుంది. బుల్‌ఫ్రాగ్ తోకకప్ప నీటిలో అమ్మోనియాను విసర్జిస్తుంది, నేలకెక్కే ముందు దాని కాలేయంలో కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్ వంటి యూరియా వలయపు ఎంజైములు పెరిగి యూరియా విసర్జనకు మారుతుంది. జీవితమంతా నీటిలోనే గడిపే జెనోపస్‌లో ఈ మార్పు అంత స్పష్టంగా ఉండదు, ఆ ఉదాహరణను జెనోపస్‌కు అంటగట్టి రాసే పొరపాటు తరచుగా చూస్తుంటాను. థైరాయిడ్ రిసెప్టార్ పనితీరు ఈస్ట్రోజెన్ రిసెప్టార్‌కు ఒక ముఖ్యమైన విషయంలో భిన్నం. అది హార్మోను లేనప్పుడు కూడా డీఎన్ఏ మీదే కూర్చుని, సహ నిరోధకాలను వెంటబెట్టుకుని జన్యువును అణచి ఉంచుతుంది. హార్మోను రాగానే నిరోధకాలు తొలగి ఉత్తేజకాలు వస్తాయి. అయితే ఇది కూడా తన బీటా రిసెప్టార్ జన్యువును తానే పెంచుకుంటుంది.

ఈ రెండు దారులూ కాలేయ కణంలో కలుస్తాయి. పెరిగిన కప్ప కాలేయ కణాలకు థైరాయిడ్ హార్మోనును ముందుగా ఇస్తే, ఆ తరువాత ఈస్ట్రోజెన్‌కు వాటి స్పందన బలపడుతుందని, ఈస్ట్రోజెన్ రిసెప్టార్ తనను తాను పెంచుకునే ప్రక్రియ కూడా చురుకవుతుందని 1993లో రబెలో, టాటా చూపారు. లేత తోకకప్ప కాలేయం ఈస్ట్రోజెన్‌కు సరిగా పలకదు, రూపవిక్రియతో ఆ అర్హత వస్తుంది. ఒక హార్మోను మాట వినడానికి కణాన్ని మరో హార్మోను తయారు చేస్తుందన్నమాట.

ఇక మీ మూడో సందేహం. మొత్తం ఎంఆర్ఎన్ఏను మాత్రమే కొలిస్తే మీ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ రాదు, ఎందుకంటే తయారీ పెరిగినా, నాశనం తగ్గినా ఆ అంకె ఒకేలా పెరుగుతుంది. రెండింటినీ విడివిడిగా కొలవాలి. తయారీ వేగానికి, వేరు చేసిన కేంద్రకాల్లో అప్పటికే మొదలైన రాతను గుర్తు వేసిన న్యూక్లియోటైడ్లతో కొనసాగనిచ్చి లెక్కించే పద్ధతి నమ్మదగినది. నాశన వేగానికి చాలామంది ఆక్టినోమైసిన్ డి కలిపి రాత ఆపేసి, తరువాత మిగిలిన ఎంఆర్ఎన్ఏను కొలుస్తారు. ఈ వ్యవస్థలో దాన్ని నేను నమ్మను. కొత్త ఆర్ఎన్ఏ తయారీ మొత్తం ఆగిపోయిన కణంలో స్వల్పాయువు గల నియంత్రక ప్రోటీన్లు కూడా తగ్గిపోయి, నాశన వేగమే మారిపోవచ్చు, అంటే కొలిచే పరికరమే కొలతను చెడగొడుతుంది. దానికంటే, కొద్ది గంటలపాటు ఆర్ఎన్ఏ తయారీకి ముడిసరుకైన యూరిడిన్‌ను గుర్తు వేసి, లేదా దాని రూపాంతరమైన 4-థయోయూరిడిన్‌ను ఇచ్చి, తరువాత గుర్తు లేనిది పుష్కలంగా కలిపి, ఆ గుర్తున్న ఎంఆర్ఎన్ఏ మాత్రమే ఎలా తరుగుతుందో చూడడం మేలు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పెంపక ద్రవంలో రంగు కోసం కలిపే ఫీనాల్ రెడ్‌కు బలహీనమైన ఈస్ట్రోజెన్ గుణం ఉంది, సీరంలో సహజంగా స్టెరాయిడ్లు ఉంటాయి. రంగు లేని ద్రవాన్ని, బొగ్గుతో శుద్ధి చేసిన సీరాన్ని వాడకపోతే ‘హార్మోను లేని’ పాత్ర నిజంగా హార్మోను లేనిది కాదు. అలాగే హార్మోనును తీసివేయడమంటే ద్రవాన్ని ఒక్కసారి మార్చడం కాదు. ఈస్ట్రడయోల్ కణాల కొవ్వులోనూ ప్లాస్టిక్ పాత్ర గోడలకూ పట్టి ఉంటుంది, కాబట్టి పలుమార్లు కడిగి, కొత్త పాత్రలోకి మార్చి, మిగిలిన కాస్త అణువులను అడ్డుకోవడానికి ఒక సమాంతర పాత్రలో ఈస్ట్రోజెన్ నిరోధకమైన హైడ్రాక్సీటామాక్సిఫెన్ కూడా కలిపి చూడాలి.

ఆ తరువాత వారాల తరబడి వేచి ఉండనక్కరలేదు. గుర్తు వేసిన ఎంఆర్ఎన్ఏను 0, 8, 16, 32, 48 గంటలకు కొలిస్తే చాలు. హార్మోను ఉన్న పాత్రలో 48 గంటలకు దాదాపు 94 శాతం మిగిలి ఉంటుంది, తీసివేసిన పాత్రలో ఎనిమిదో వంతు మిగులుతుంది. ఈ రెండు గీతలూ విడిపోకుండా కలిసి నడిస్తే, ముందుగా అనుమానించాల్సింది మీరు కడిగిన తీరును.